నాగయ్య గారికి పట్టిన రంది

మా బోథ్ దిక్కు ఒక మనిషి ఒక్క పనినే పట్టుకుని తిండీ నిద్రా మరిచిపోతే వానికి దాని రంది పట్టిందంటరు. దిగులు, ధ్యాస, పిచ్చి మూడూ కలిసిన మాట అది. మన పాత సినిమాల్లో ఆ రందిని చిత్తూరు నాగయ్య గారంత నమ్మేటట్టు చూపించిన నటుడు ఇంకొకరు లేరని నా అభిప్రాయం. చివరికి అది ఆయన్నే పట్టుకున్నది.

నాగయ్య గారు 1904లో రేపల్లెలో పుట్టారు. చిత్తూరులో పెరిగారు గనుక ఆ ఊరు పేరు ముందుకొచ్చి చేరింది. నాటకాల్లో పాడుతూ, నటిస్తూ 1938లో హెచ్.ఎం. రెడ్డి గారి ‘గృహలక్ష్మి’తో వెండితెర ఎక్కారు. తర్వాత వాహినీ వారి ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ వచ్చాయి. మంచి చిత్రాలే, కాని నాకు కావలసిన నాగయ్య ‘భక్త పోతన’ నుంచి మొదలవుతాడు. భాగవతాన్ని రాజుకు ఇవ్వనని మొండికేసి నాగలి పట్టిన కవి వేషం అది. 1946లో తనే దర్శకత్వం వహించి ‘త్యాగయ్య’ తీశారు. 1947లో కె.వి. రెడ్డి గారి ‘యోగి వేమన’లో నటించారు.

ఈ వేమన రెండు పిచ్చుల మనిషి. మొదట వేశ్య మీద మోజు, తర్వాత బంగారం చేసే విద్య మీద యావ. సీసం బంగారం కావాలంటే పరమాణువు కేంద్రకమే మారాలి, కుంపటి సెగకు అది మారదని మా కెమిస్ట్రీ క్లాసులో ఎవరైనా చెప్తారు. అయినా కుంపటి ముందు కూచున్న నాగయ్య ముఖం చూస్తే ఈసారి అవుతుందేమో అనిపిస్తది. ప్రాణంగా చూసుకున్న అన్నకూతురు జ్యోతి చనిపోయినంక ఆ విద్య దేనికీ కొరగాకుండా పోతుంది. నేను చూసిన భక్తుల చిత్రాల్లో నిజానికి అన్నిటికన్న దగ్గరగా ఉన్నది ఇదే, ఎందుకంటే ఆ పిల్లను దేవుడు లేపి ఇవ్వడు.

మిగతా వాటిలో ఇస్తాడు. 1948లో తమిళంలో వచ్చిన ‘చక్రధారి’లో ఆయన గోరా కుంభార్. మాది మహారాష్ట్ర సరిహద్దు గనుక ఈ కుమ్మరి కథ ఇటువైపు పిల్లలకూ తెలుసు. విఠలుని నామంలో మునిగి, మట్టి తొక్కుతూ తన పసిబిడ్డనే తొక్కేస్తాడు. కథలో విఠలుడు బిడ్డను బతికిస్తాడు. కాని ఆ తల్లి ఒక్క క్షణం చూసిన చూపు సంగతి ఎవరూ అడగరు.

ఆయన కలగన్న చిత్రం ‘రామదాసు’. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారు. భద్రాచలంలో రామునికి గుడి కట్టాలన్న ధ్యాసలో సర్కారు పన్నుల సొమ్మే పెట్టేశాడు. తానీషా ఆయన్ను గోల్కొండ కోటలో ఖైదు చేశాడు. ఆఖరుకు రామలక్ష్మణులే వచ్చి బాకీ చెల్లించారని కథ. ఈ సినిమాను నాగయ్య గారే నిర్మించి, దర్శకత్వం వహించి, రామదాసుగా నటించారు. ఏళ్ల తరబడి లాగి 1964లో విడుదలయింది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు.

ఆ సినిమా పోయిన ఎండాకాలం ఇంట్ల అందరం కూచుని ఫోన్ల చూసినం. మా చేన్ల బాపు నాలుగు బోర్లు ఏయించిండు, మూడిట్ల దుబ్బ తప్ప నీళ్లు పడలే. ఇంకో యాభై అడుగులు పోతే పడుతయని ప్రతిసారి అదే మాట. నాలుగోదానికి అమ్మ గుండ్ల పేరు కుదువకు పోయింది. దాంట్ల నీళ్లు కొద్దిగ పడ్డయి, పత్తికి చాలవు. రాముడు మొహరీలు కుప్ప పోసే ఘట్టం రాంగనే అమ్మ లేచి బర్రెలకు గడ్డి ఏసుటానికి పోయింది. బాపు మాత్రం కదలలేదు.

నాగయ్య గారి బాకీకి ఎవరూ రాలేదు. ఒకప్పుడు దక్షిణాదిన అందరికన్న ఎక్కువ పారితోషికం తీసుకున్న నటుల్లో ఆయన ఒకరు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చిన చెయ్యి. దానధర్మాలకు పోయింది కొంత, సొంత చిత్రాలకు పోయింది కొంత. 1965లో పద్మశ్రీ వచ్చింది గాని దానితో ఇల్లు గడవదు గదా. ఒకనాడు కథానాయకుడిగా వెలిగిన మనిషి తండ్రి వేషాలు, సాధువు వేషాలు, రెండు మూడు సీన్ల వేషాలు కూడా వేశారు. వాటిలోనూ ఆ గొంతు వినబడగానే మనం నోరు మూసుకుని వింటాం. అది వేరే సంగతి. 1973 డిసెంబర్ 30న మద్రాసులో లేమిలోనే కన్నుమూశారు.

ఇదంతా రాసేముందు బాపుకు చెప్పిన. మరి ఆ సినిమా అప్పు ఎవరు కట్టిండ్రని అడిగిండు. ఆయనే మునిగిండన్న. బాపు కొద్దిసేపు చేను దిక్కు చూసి, అయినా సినిమా మంచిగ తీసిండు కదరా అన్నడు.