ఫౌస్టో కొప్పి

చల్లపల్లి కాలువగట్లపై సైకిలు త్రొక్కు బాలురకు ఎదురుగాలియే ప్రత్యర్థి. ఇటలీ బాలుడు ఫౌస్టో కొప్పికి కొండలే ప్రత్యర్థులు. అతడు 1919లో కాస్తెల్లానియా గ్రామమున రైతు కుటుంబమునందు జన్మించెను. మాంసపు దుకాణపు సరకును సైకిలుపై ఇండ్లకు చేర్చుచు కాలిబలము గడించెను.

1940లో జీనో బార్తలికి సహాయకుడుగా ఇటలీ మహాపందెమునకు బయలుదేరి, బార్తలి పడిపోయి వెనుకబడగా, తానే విజేత యయ్యెను. 1949లో ఇటలీ, ఫ్రాన్సు పందెములు రెండింటను కొప్పి ప్రథముడుగను, బార్తలి ద్వితీయుడుగను నిలిచిరి. అభిమానులు రెండు పక్షములుగా చీలిరి. అయినను 1952లో ఫ్రాన్సు కొండదారిలో ఆ యిరువురు ఒకే సీసా నీటిని పంచుకొనిరి. ఎవరు ఎవరికిచ్చిరో నేటికిని తేలలేదు.

1959లో ఆఫ్రికాలోని యొక చిన్న పందెమునకు పోయిన కొప్పికి మలేరియా సోకెను. వైద్యులు దానిని గుర్తింపలేదు. 1960 జనవరి 2న అతడు మరణించెను. అతని గెలుపుల లెక్క మరచినవారును ఆ నీటి కథను మరువరు.