డోర్నకల్ బిషప్ అజరయ్య: ముందు బోధ, తర్వాత బాప్తిస్మం

భద్రాచలం రోడ్డు వెళ్లే రైలు డోర్నకల్ జంక్షన్ దగ్గర పెద్ద లైను వదిలి, కారేపల్లి మీదుగా కొత్తగూడెం వైపు తిరుగుతుంది. మన గూడేల నుంచీ, తండాల నుంచీ ఎంతోమంది ఆ జంక్షన్‌లో రైలు మారి ఉంటారు. ఆ ఊళ్లో గుమ్మటాలు, మినార్లు, దక్షిణాది గుడి మండపాన్ని గుర్తుచేసే స్తంభాలు ఉన్న పెద్ద చర్చి ఒకటి ఉంది. దాన్ని కట్టించిన వ్యక్తి వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మన ప్రాంతంలో క్రైస్తవం ఎలా వచ్చిందో, ఎలా నిలిచిందో తెలియాలంటే ఆయన జీవితం తెలియాలి.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి అక్కడి చర్చిలో గురువు. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో ఆ కులానికి గుడి ప్రవేశం లేదు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి పెంచింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, పద్నాలుగేళ్లు దక్షిణ భారతమంతా తిరిగి యువకుల మధ్య పనిచేశారు.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను సువార్త పనికి పంపడం చూశారు. అప్పటిదాకా మన దేశంలో ఆ పని ఎక్కువగా తెల్లదొరల చేతుల్లో, విదేశీ డబ్బుతో నడిచేది. ఆ మరుసటి ఏడాది, 1903లో, తిరునల్వేలి క్రైస్తవుల విరాళాలతోనే నడిచే ఒక మిషనరీ సంఘాన్ని అజరయ్య, ఆయన మిత్రులు స్థాపించారు. ఆ సంఘం తన పని కోసం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది.

1909లో అజరయ్య వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. తెలుగు ఆయన మాతృభాష కాదు. పెద్ద వయసులో నేర్చుకుని, పల్లె జనానికి అర్థమయ్యేలా మాట్లాడగలిగారు. ఆయన భార్య అన్బు కూడా ఈ పనిలో సమానంగా పాలుపంచుకున్నారు. ఆడవాళ్లకు బోధ ప్రధానంగా ఆమె బాధ్యతే.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. విదేశీ మిషనరీలు భారతీయుల కోసం ఎంత త్యాగం చేసినా, వారిని సమానులుగా చూడటం లేదని, స్నేహితులుగా కలుపుకోవడం లేదని అజరయ్య ఆ సభలో సూటిగా చెప్పారు. చాలామంది నొచ్చుకున్నారు. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఒక భారతీయుడి కింద తెల్లవారు పనిచేయడమా అన్న వ్యతిరేకత అప్పుడు గట్టిగానే వచ్చింది.

మొదట ఆయన పరిధి చిన్నది. తర్వాత కృష్ణా, గోదావరి వైపు తెలుగు సంఘాలు అందులో చేరాయి. దుమ్ముగూడెం మిషన్ కూడా ఆ విధంగానే ఆయన కిందికి వచ్చింది. దుమ్ముగూడెం కథ అంతకన్నా పాతది. గోదావరి మీద పనులు చేయించిన ఇంజనీరు హేగ్ దొర చొరవతో 1860ల నాటికే అక్కడ కోయల మధ్య మిషన్ మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దొర కోయల ఆచారాల గురించి రాసిన వ్యాసాలను పరిశోధకులు ఇప్పటికీ చదువుతున్నారు. అయినా అక్కడ బాప్తిస్మం తీసుకున్న కోయలు కొద్దిమందే. అజరయ్య కాలంలో గుంపులుగా చర్చిలో చేరినవారు ముఖ్యంగా మాల, మాదిగ పేటల జనం. ఈ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి.

ఒక పేట మొత్తం కలిసి మతం మారతామంటే అజరయ్య వెంటనే బాప్తిస్మం ఇచ్చేవారు కాదు. ముందు ఆ ఊరికి ఒక ఉపాధ్యాయుడిని పంపేవారు. పగలంతా పొలం పని చేసి వచ్చిన జనానికి రాత్రిపూట పాఠం. చదువు రాని వాళ్లు కనుక పాటలతో, కథలతో, నాటకాలతో నేర్పేవారు. ప్రార్థన, పది ఆజ్ఞలు, యేసు జీవితం నోటికి రావాలి. జీవితంలో మార్పు కనబడాలి. అప్పుడే బాప్తిస్మం. ఆ రోజు ప్రతి ఒక్కరూ తమ తల మీద తామే చేయి పెట్టుకుని, ఈ వార్తను ఇతరులకు చెప్పే బాధ్యత తమదేనని పలికేవారు. ఊరు ఊరంతా కలిసి వచ్చినా, మాట ఇచ్చేది మాత్రం ఎవరికి వారే. మిషన్ డబ్బు మీద ఆధారపడకుండా పేదవాడు కూడా పిడికెడు బియ్యమైనా, పంటలో కొంతైనా ఇవ్వాలని నేర్పారు. డోర్నకల్‌లో పల్లె గురువులకు శిక్షణ పెట్టి, వారి భార్యలకూ చదువు చెప్పించారు. 1941 నాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. పల్లెల్లో బోధించేవారు దాదాపు అందరూ తెలుగువారే.

డోర్నకల్ చర్చి కట్టడానికి ఏళ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. క్రీస్తును నమ్మినవాడు పరాయివాడు కానక్కర్లేదని ఆయన ఆ కట్టడంతో చెప్పారు. అయితే విగ్రహపూజ, కులభేదం, తాగుడు వదలాలన్న విషయంలో ఆయన గట్టిగా ఉండేవారు. వేల్పుల కొలుపు చుట్టూనే పండుగలు, పాటలు, చుట్టరికాలు అల్లుకున్న మన గూడేనికి ఆ షరతు ఎంత బరువో మనకు తెలుసు.

ఆయనకు విమర్శకులూ ఉన్నారు. సామూహిక మతమార్పిడులను గాంధీజీ 1930లలో తీవ్రంగా తప్పుపట్టారు. పేదల మనసుకూ ఎంచుకునే శక్తి ఉందని అజరయ్య వాదించారు. అదే సమయంలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా చెప్పారు. మతం ఓట్ల లెక్కగా మారకూడదన్నది ఆయన ఉద్దేశం. దక్షిణాది చర్చిలన్నీ ఒకటి కావాలని చివరిదాకా పనిచేశారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కోరుకున్న దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది.

యువతీ యువకులారా, ఇవాళ మన గూడెంలో ఒక ఇంట్లో ఇలవేల్పు, పక్కింట్లో రాముడి పటం, ఆ పైన ఇంట్లో సిలువ కనిపిస్తాయి. భూమి పండుగ చందా దగ్గరా, చావు కర్మ దగ్గరా గొడవలు వస్తున్నాయి. మతం చెప్పడానికి వచ్చినవాడు మన భాష నేర్చుకున్నాడా, మన మనుషులను నాయకులుగా నిలబెట్టాడా, తెలుసుకుని ఎంచుకునే సమయం ఇచ్చాడా అని అజరయ్య జీవితం చదివినవారు అడగగలరు. మతం మారినవారిని ఊరి నుంచి వెలివేసేవారినీ అదే గట్టిగా అడగాలి: ఎంచుకునే హక్కు ఆ మనిషికి లేదా? ఏ దారిలో నడిచినా తెలిసి నడుద్దాం. ఒకే చెలమ నీళ్లు తాగినవాళ్లమని మరిచిపోకుండా నడుద్దాం.