ఆట కోసం లెక్కలు రాశాడు.. నౌకాదళాలు కొనే పుస్తకమైంది!

పరీక్షల పుస్తకాలు పక్కకు నెట్టి, హాస్టల్ గదిలో టేబుల్ మీద సీ హారియర్ జెట్ మోడల్ కిట్ విప్పారనుకోండి. ముక్కలు అతికించడం రెండు రోజుల పని. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. రెక్కల కింద ఏం తగిలించాలి? ఏ రంగు వేయాలి? డబ్బాలో ఇచ్చారు కదా అని క్షిపణులన్నీ తగిలించేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ తెలిసినవాళ్లెవరైనా వచ్చి ఇది ఏ దేశానిది, ఏ సంవత్సరంలోది అని అడిగితే?

అప్పుడు వెతకాల్సిందే. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి బయల్దేరేముందు బ్రిటిష్ సీ హారియర్లకు పైన ముదురు బూడిద, కింద తెలుపు ఉండేవి. తెలుపు దూరం నుంచే కనిపిస్తుందని దారిలోనే దాన్నీ ముదురు బూడిదతో కప్పేశారు. తర్వాత చేరిన 809 స్క్వాడ్రన్ విమానాలు లేత బూడిద రంగులో వెళ్లాయి. ఒక్కో రెక్క కింద జంటగా సైడ్‌విండర్ క్షిపణులు మోసే పట్టాలు పోరాటం ముగిశాకే అందాయి. అంటే 1982 మే నాటి మోడల్‌కి నాలుగు సైడ్‌విండర్లు పెట్టారా, తప్పే. ఆ విమానాలు ఎగిరిన హెర్మిస్ నౌకే తర్వాత మన ఐఎన్‌ఎస్ విరాట్ అయింది. మన సీ హారియర్లకేమో సైడ్‌విండర్ కాదు, ఫ్రాన్స్ తయారీ మాత్రా మ్యాజిక్ క్షిపణులు. ఆఖరి సంవత్సరాల్లో రాడార్ మార్చి ఇజ్రాయెల్ డెర్బీ క్షిపణులు కూడా ఇచ్చారు. 2016లో అవి రిటైరయ్యాయి. ఒకదాన్ని విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు పెట్టారు, వెళ్తే చుట్టూ తిరిగి చూడొచ్చు.

ఏ దేశం, ఏ తేదీ, ఏ ఆయుధం, ఎక్కడ.. ఇలా ప్రశ్నలేసుకుని ఒక్కో యుద్ధ యంత్రానికీ ఒక్కో పేజీ రాసే పద్ధతికి పేరుపడ్డ మనిషి ఒకరున్నారు. రక్షణ రంగం వార్తలు చదివేవాళ్లకు ‘జేన్స్’ అనే మాట తగిలే ఉంటుంది. ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లకైతే మరీనూ. అది కంపెనీ పేరని మాత్రమే అనుకుంటాం. కాదు, ఓ మనిషి ఇంటిపేరు. ఫ్రెడ్ టి. జేన్.

1865 ఆగస్టు 6న లండన్ దగ్గరి రిచ్‌మండ్‌లో పుట్టారు. తండ్రి చర్చిలో మతగురువు. పెరిగింది డెవన్‌లో, చదివింది ఎక్సెటర్ స్కూల్లో. ఇంటి దగ్గరి చెరువులో బొమ్మ ఓడలు దింపి యుద్ధాలు చేయించడం ఆయన చిన్ననాటి పిచ్చి. పదహారేళ్ల వయసులో, 1882 జులైలో, బ్రిటిష్ యుద్ధనౌకలు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా మీద గుండ్లు కురిపించాయి. పత్రికల నిండా అవే బొమ్మలు. కుర్రాడు నోట్‌బుక్ తీసి ఉక్కు కవచాల ఓడల్ని గీసుకోవడం మొదలుపెట్టాడు. ఏ ఓడకు ఎన్ని పొగగొట్టాలు, ఎన్ని స్తంభాలు, ఫిరంగులు ఎక్కడెక్కడ.. దొరికిందల్లా రాసుకునేవాడు.

ఇలాంటి కుర్రాడు నేవీలోకే వెళ్లాలి కదా? ఆరోగ్యం సహకరించలేదు. ఆ తలుపు మూసుకుపోయింది. చేతిలో ఉన్నది బొమ్మలు గీసే విద్య ఒక్కటే. దాంతోనే లండన్ చేరి, ఇరుకు గదిలో ఉంటూ, చాలీచాలని సంపాదనతో పత్రికలకు బొమ్మలు గీస్తూ గడిపారు. మీలో ఫ్రీలాన్స్ డిజైన్ పనులు చేసేవాళ్లకు ఈ బతుకు తెలుసు. బొమ్మ ముందు ఇవ్వాలి, డబ్బు తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు.

1890లో పత్రిక తరఫున చిత్రకారుడిగా నౌకాదళ విన్యాసాలకు వెళ్లే అవకాశం దొరికింది. ఉద్యోగిగా ఎక్కలేని ఓడను పెన్సిల్ పట్టుకుని ఎక్కారన్నమాట. అక్కడ అధికారులతో పరిచయాలు పెరిగాయి. తర్వాత జీవితంలో ఎక్కువ భాగం నౌకాదళ కేంద్రమైన పోర్ట్స్‌మౌత్‌లోనే గడిచింది. పొట్టకూటికి వేరే పనులూ చేశారు. జార్జ్ గ్రిఫిత్ రాసిన భవిష్యత్ యుద్ధాల నవలకు 1893లో బొమ్మలు వేశారు. ఆ నవల నిండా గాలిలో యుద్ధం చేసే ఓడలే, అప్పటికి నిజం విమానం ఇంకా పుట్టలేదు. సొంతంగా కొన్ని నవలలూ రాశారు. శుక్రగ్రహానికి ఐదు సెకన్లలో వెళ్లిపోయే కథ కూడా ఒకటుంది. నిజం చెప్పాలంటే ఇవాళ ఆయన్ని ఎవరూ ఆ నవలల కోసం గుర్తుపెట్టుకోలేదు.

గుర్తుపెట్టుకున్నది ఆట వల్ల. నోట్‌బుక్కులో పేరుకుపోయిన సమాచారంతో ఆయన ఒక నౌకాయుద్ధ ఆట తయారుచేశారు. గళ్ల పలక మీద చిన్న ఓడ బొమ్మల్ని నడిపించాలి. ఒక్కో ఎత్తు నిజం యుద్ధంలో ఒక్క నిమిషంతో సమానం. అసలు ఓడ వేగాన్ని బట్టే బొమ్మ కదలాలి. పేల్చే పద్ధతి ఇంకా తమాషా. ప్రతి ఓడకూ ఒక కార్డు ఉంటుంది, దాని మీద ఆ ఓడ బొమ్మ. చిన్న సూది బిగించిన బద్దతో ఎదుటివాడి కార్డు మీద కొట్టాలి. సూది ఎక్కడ గుచ్చుకుంటే గుండు అక్కడ తగిలినట్టు. అక్కడ కవచం ఎంత మందం, కొట్టిన ఫిరంగి ఏ రకం.. రెండూ పోల్చి నష్టం తేల్చాలి.

ఇక్కడే ఆయనకు మీ సీ హారియర్ సమస్య ఎదురైంది. కార్డు తప్పయితే ఆటే తప్పు. ఒక ఓడకు లేని ఫిరంగి రాశారో, గెలవాల్సినవాడు ఓడిపోతాడు. ఆడేవాళ్లు మామూలు పిల్లలూ కాదు, నౌకాదళ అధికారులు. ఆ ఫిరంగుల పక్కనే నిద్రలేచేవాళ్లు. వాళ్ల ముందు ఊహలు చెల్లవు. అందుకని ప్రపంచంలోని యుద్ధనౌకలన్నిటి వివరాలూ ఒక్కచోట కావాల్సి వచ్చింది. దేశాలవారీగా ఒక్కో ఓడ బొమ్మ, ఫిరంగుల సంఖ్య, కవచం, వేగం. బొమ్మలన్నీ ఆయనే చేత్తో గీశారు. 1898లో ఆటా వచ్చింది, దానికి తోడుగా ‘ఆల్ ది వరల్డ్స్ ఫైటింగ్ షిప్స్’ పుస్తకమూ వచ్చింది. ఆట కోసం ఫిరంగులకూ కవచాలకూ ఇచ్చిన అక్షరాల గుర్తులు ఆ పుస్తకం పేజీల్లో చాలా ఏళ్లు అలాగే కొనసాగాయి.

రహస్య పత్రాలు దొంగిలించి రాసింది కాదిది. రేవులో నిలబడి చూడటం, ఫొటోలు పోగుచేయడం, తెలిసినవాళ్లను అడగడం, పాత సమాచారం కొట్టేసి కొత్తది రాయడం.. అంతే. ఇవాళ ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్ అని ఉద్యోగ ప్రకటనల్లో కనిపిస్తున్న పని ఇలాంటిదే. కష్టమంతా ఆ నాలుగోదానిలో ఉంది. ఓడలు మారుతూనే ఉంటాయి మరి. ఉదాహరణకు రంగే చూడండి. విక్టోరియా కాలంలో బ్రిటిష్ యుద్ధనౌక అంటే నల్లటి ఒళ్లు, పైన తెలుపు, పసుపుపచ్చని పొగగొట్టాలు. 1900 దాటిన కొద్ది ఏళ్లకే మొత్తం బూడిద రంగయ్యాయి. ఓడ అదే, ఫిరంగులు అవే, పాత రంగు వేస్తే మాత్రం మోడల్ తప్పు. అన్నీ బూడిదయ్యాక గుర్తుపట్టడానికి మిగిలేది ఆకారమే. దూరం నుంచి నీడలా కనిపించే ఆకారాన్ని చూసి ఏ ఓడో చెప్పగలిగే సిల్హౌట్ బొమ్మలే జేన్ పుస్తకానికి ప్రత్యేకత అయ్యాయి.

రంగు ఎంత పని చేస్తుందో 1905 మేలో సుషిమా దగ్గర లోకం చూసింది. రష్యన్ నౌకలు నల్లటి ఒళ్లు, పసుపు పొగగొట్టాలతో వచ్చాయి. జపాన్ ఓడలు సముద్రపు పొగమంచులో కలిసిపోయే బూడిద రంగులో ఉన్నాయి. రష్యా ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి, రంగు ఒక్కటే కాదు. కానీ ఎవరు ఎవరికి బాగా కనిపించారన్నదీ అందులో ఒకటి. జేన్ రష్యా నౌకాదళం గురించి 1899లో, జపాన్ నౌకాదళం గురించి 1904లో విడివిడిగా పుస్తకాలు రాసినవారు. ఏటా తాను లెక్కలు రాసిన ఓడలు ఒకటిన్నర రోజులో పేజీల్లోంచి కొట్టేయాల్సినవి అయిపోయాయి.

పుస్తకం పలుకుబడి ఎంతంటే, 1903 ఎడిషన్‌లో ఇటలీ ఇంజినీరు విట్టోరియో కునిబెర్టి ఓ వ్యాసం రాశారు. రకరకాల సైజుల ఫిరంగులు మానేసి, 17 వేల టన్నుల ఓడ మీద 12 అంగుళాల పెద్ద ఫిరంగులే 12 పెట్టాలన్నది అందులోని ప్రతిపాదన. మూడేళ్లకు, 1906లో, పెద్ద ఫిరంగులే ప్రధానంగా బ్రిటన్ డ్రెడ్‌నాట్ నౌకను దించింది. వ్యాసం చూసే కట్టారని చెప్పలేం, అలాంటి ఆలోచన అప్పటికే చాలామంది బుర్రల్లో ఉంది. కానీ ఆట కోసం పుట్టిన పుస్తకం అలాంటి చర్చకు వేదికైంది.

మనిషి మాత్రం బుద్ధిమంతుడేమీ కాదు. మోటారు కార్ల పిచ్చి ఉండేది. 1906లో నేవీ పక్షాన మాట్లాడతానంటూ పోర్ట్స్‌మౌత్‌లో స్వతంత్ర అభ్యర్థిగా పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయారు. 1909లో సోషలిస్టు ఎంపీ విక్టర్ గ్రేసన్ ఆ ఊళ్లో సభకు వస్తే, ఆయన్ని కారెక్కించుకుని సభకు కాకుండా దూరంగా ఎటో తీసుకెళ్లిపోయారు. సభలో మాట్లాడకుండా చేయడానికే! అప్పట్లో జనం నవ్వుకున్నారట గానీ, ఎదుటివాడి నోరు నొక్కడం నవ్వే పనేమీ కాదు. ఆయన గురించి చెప్పేటప్పుడు దీన్ని దాచడం ఎందుకు?

అదే 1909 జులైలో బ్లెరియో విమానంలో ఇంగ్లిష్ చానల్ దాటాడు. ఆ ఏడాదే జేన్ ‘ఆల్ ది వరల్డ్స్ ఎయిర్‌షిప్స్’ తెచ్చారు. విమానాలు ఎన్ని ఉన్నాయని పుస్తకం? అక్కడే ఇబ్బంది పడ్డారు. ఓడయితే రేవులో నిలబడి చూడొచ్చు. విమానమని చెప్పుకునేవాటిలో కొన్ని కాగితం మీదే ఉన్నాయి, కొన్ని నేల విడిచింది లేదు. ఎగిరినవీ ఎగరనివీ ఆ మొదటి పుస్తకంలో పక్కపక్కనే కనిపిస్తాయి. తయారుచేసినవాడి మాటను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న అలా పుట్టింది. ఇప్పటికీ పోలేదు. ఏ జెట్ బ్రోచర్ తీసుకున్నా, రెక్కల కింద ఖాళీ లేకుండా బాంబులు, క్షిపణులు పేర్చిన ఫొటో ఒకటి ఉంటుంది. అది అమ్మకానికి పెట్టిన ఫొటో. అన్నీ మోస్తే ఇంధనం ఎక్కడ, దూరం ఎంత? నిజంగా పనిమీద వెళ్లే రోజున అందులో రెండు మూడు పైలాన్లకు డ్రాప్ ట్యాంకులే ఉంటాయి. మీ మోడల్‌కి బ్రోచర్ కాదు, తేదీ ఉన్న ఫొటో చూడండని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. కొన్నేళ్లకు ఆ పుస్తకమూ కుదురుకుంది, ‘ఎయిర్‌క్రాఫ్ట్’ అనే పేరుకు మారింది.

1914లో యుద్ధం వచ్చింది. కార్డు మీద సూదితో గుచ్చిన ఓడలు నిజంగా గుండ్లు తినడం మొదలైంది. జేన్ రాస్తూనే ఉన్నారు. 1916 మార్చి 8న పోర్ట్స్‌మౌత్‌లోని సౌత్‌సీలో, ఇంట్లోనే, కన్నుమూశారు. యాభై ఏళ్లే. మూడు నెలలైనా తిరక్కుండా మే 31న జట్లండ్ దగ్గర బ్రిటిష్, జర్మన్ నౌకాదళాలు తలపడ్డాయి. ఆయన జీవితమంతా కొలతలు రాసుకున్న ఓడలవి. ఏది మునిగింది, ఏది మిగిలిందన్నది తర్వాతి ఎడిషన్‌లో రాయాల్సిన పని వేరేవాళ్ల మీద పడింది.