భిలాయి కొలిమి వెలుగు చూడని రవిశంకర్ శుక్లా

రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వెళ్లే రైలు మార్గంలో, సుమారు 30 కిలోమీటర్ల దూరాన భిలాయి ఉంది. డెబ్బై ఏళ్ల క్రితం అదొక చిన్న పల్లె. చుట్టూ వరి పొలాలు, చెరువులు. ఆ పల్లె మహానగరమై రాయ్‌పూర్‌ వైపు విస్తరించడం వెనుక ఒక రాజనీతిజ్ఞుని పట్టుదల ఉంది. ఆయన పండిత రవిశంకర్ శుక్లా.

శుక్లా 1877 ఆగస్టు 2న సాగర్‌లో జన్మించారు. రాయ్‌పూర్, నాగ్‌పూర్‌లలో విద్యాభ్యాసం చేశారు. ఖైరాగఢ్‌లో ప్రధానోపాధ్యాయునిగా పనిచేసి, అనంతరం రాయ్‌పూర్‌లో న్యాయవాదిగా స్థిరపడ్డారు. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. రాయ్‌పూర్ జిల్లా కౌన్సిల్ అధ్యక్షునిగా పల్లె బడులను జాతీయ భావాలకు నెలవులుగా మలిచారు.

1937లో మధ్య పరగణాలు, బేరార్ విద్యామంత్రిగా విద్యామందిర్ పథకాన్ని చేపట్టారు. దాతలు ఇచ్చిన భూమిపై వచ్చే ఆదాయంతో గ్రామ పాఠశాల నడవాలన్నది ఆ పథకం సారాంశం. పల్లె భవిష్యత్తు పల్లె మట్టిలోనే ఉందన్నది అప్పటి ఆయన ఆలోచన. మరుసటి ఏడాది ఆ రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. 1946లో తిరిగి అధికారం చేపట్టి, స్వాతంత్ర్యం తర్వాత ముఖ్యమంత్రిగా కొనసాగారు.

వర్షాధారమైన ఒక్క వరి పంటతో ఛత్తీస్‌గఢ్ పేదరికం తీరదని ఆయన గ్రహించారు. రాజ్‌హరా కొండల్లో ఇనుప ఖనిజం, నందినిలో సున్నపురాయి ఉన్నాయి. హౌరా–ముంబయి రైలు మార్గం చెంతనే ఉంది. ఉక్కు కర్మాగారం ఈ ప్రాంతానికే రావాలని ఆయన కేంద్రం వద్ద గట్టిగా వాదించారు. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ మధ్య ఒప్పందం కుదిరింది. ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యంతో కర్మాగారం నిర్మించేందుకు భిలాయి ఎంపికైంది.

ఈ నిర్ణయానికి మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. కర్మాగారానికి, పట్టణానికి అనేక గ్రామాల పొలాలు సేకరించవలసి వచ్చింది. దానభూమితో బడులు నడపాలని తలచిన నాయకుని హయాంలోనే రైతులు తరతరాల సాగుభూమిని వదులుకున్నారు. ఆయన జీవితంలోని కఠినమైన ఎంపిక ఇదే.

1956 నవంబరు 1న ఏర్పడిన కొత్త మధ్యప్రదేశ్‌కు శుక్లా తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలైనా గడవకముందే, డిసెంబరు 31న, పదవిలో ఉండగానే కన్నుమూశారు. భిలాయి తొలి కొలిమిని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న.

ఆ తర్వాత కర్మాగారం పక్కన సెక్టార్లుగా పట్టణం వెలసింది. ఇళ్ల నడుమే బడులు, అంగళ్లు, ఉద్యానాలు ఏర్పడ్డాయి. దేశం నలుమూలల నుంచి కార్మికులు తరలివచ్చారు. రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం ఉత్తరాంధ్ర జిల్లాలవారికి దారి చూపింది. పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. భిలాయిలో తయారైన పట్టాలు దేశమంతటా పరచుకున్నాయి.

రాయ్‌పూర్‌లో 1964లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి శుక్లా పేరు పెట్టారు. పల్లె బడితో ప్రజాసేవ ఆరంభించిన ఆయనకు అది తగిన స్మారకం. ఆయన కోరుకున్న ఉక్కు నగరంలో మాత్రం, పొలాలు పోగొట్టుకున్నవారి మనుమలు, ఉపాధి వెతుక్కుంటూ వచ్చినవారి మనుమలు నేడు ఇరుగుపొరుగువారై జీవిస్తున్నారు.