భూమిని పరీక్షించిన మహనీయుడు – జాన్ మిల్న్

ఇల్లు కట్టదలచినవాడు ఇటుక, సున్నము, కలపలను గూర్చి ముందుగా యోచించును. ఆ యింటిని మోయవలసిన నేలను గూర్చి యోచించువారు కొలదిమంది. భూకంప సమయమున గోడల బలముతోపాటు నేల గుణము కూడ మనుష్యుల ప్రాణములను నిర్ణయించునని ప్రయోగపూర్వకముగా చూపినవారిలో జాన్ మిల్న్ ముఖ్యుడు.

ఈయన 1850వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున జన్మించెను. లండనులో గనుల శాస్త్రమభ్యసించి, జపాను ప్రభుత్వపు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడుగా నియమితుడయ్యెను. సైబీరియా, మంగోలియాల మీదుగా భూమార్గమున పయనించి, 1876లో టోకియో చేరెను.

1880 ఫిబ్రవరి 22న యొకొహామాలో భూకంపము కలిగెను. ఆ సంవత్సరముననే మిల్న్ పూనికతో జపాను భూకంప శాస్త్ర సంఘము వెలసెను. సహచరులైన యూయింగ్, గ్రే అనువారితో కలసి ఆయన కంపనములను నమోదుచేయు యంత్రముల నిర్మాణమునకు పాటుపడెను. భూకంపము వచ్చువరకు వేచియుండక, బరువైన గుండును ఎత్తునుండి జారవిడిచియు, డైనమైటు పేల్చియు, కృత్రిమ కంపనములను పుట్టించి అవి నేలలో ఎట్లు వ్యాపించునో కొలిచెను. ఒకే భూకంపమున గట్టినేలకంటె మెత్తని పల్లపునేల మిక్కిలి ఊగుననియు, లోతైన గోతి అడుగున కదలిక ఉపరితలమున కంటె తక్కువగా నుండుననియు కనుగొనెను. ఒక వీధిలో ఇండ్లు కూలగా, కొలదిదూరములోని మరియొక వీధిలో నిలుచుటకు ఇదియు నొక కారణమని తేలెను.

ఒకమారు ఆయన చిన్న ఇంటినొకదానిని ఇనుప గుండ్లపై నిలిపెను. గుండ్లు పెద్దవైనందున ఆ యిల్లు గాలికే కదలసాగెను. ఆయన నిరుత్సాహపడక, గుండ్ల పరిమాణమును క్రమముగా తగ్గించి, కడకు పావు అంగుళము గుండ్లతో ఆ దోషమును నివారించెను.

1891 అక్టోబరు 28న మినో, ఓవారి మండలములలో ఘోర భూకంపము సంభవించి ఏడువేలకు పైగా జనులు మరణించిరి. పాశ్చాత్య పద్ధతిని కట్టిన ఇటుక భవనములును, రైలు వంతెనలును కూలెను. మిల్న్ ఆ శిథిలములను స్వయముగా పరిశీలించి గ్రంథస్థము చేసెను. మరుసటి సంవత్సరము జపాను ప్రభుత్వము భూకంప పరిశోధక సంఘమును నెలకొల్పెను.

1895లో అగ్నిప్రమాదమున ఆయన గృహము, పరిశోధనశాల, గ్రంథములు దగ్ధమయ్యెను. అనేక వత్సరముల కృషి బూడిదయైనను ఆయన ధైర్యము కోల్పోలేదు. జపానీయురాలైన భార్య టోనెతో స్వదేశమునకు మరలి, వైట్ ద్వీపమునందలి షైడ్ గ్రామమున పని పునఃప్రారంభించెను. ఆయన యంత్రములు ప్రపంచమంతట నెలకొనెను. మన దేశమున బొంబాయియందలి కొలాబాలోను, కోడైకెనాలులోను అవి పనిచేసెను. 1913 జూలై 31న ఆయన పరమపదించెను.

నేడు భవనమునకు రూపకల్పన చేయు ఇంజనీరు స్థలమున రంధ్రములు తొలిపించి, మట్టి నమూనాలు తీయించి, నేల రాతినేలయా, మెత్తనినేలయా అని తెలిసికొనిన పిమ్మటనే పునాది నిర్ణయించును. విద్యార్థులారా! పైకి కనబడు గోడ ఎంత అందమైనదైనను, కనబడని పునాదియే దానిని నిలుపును. మిల్న్ జీవితమును అట్టిదే: సర్వస్వము కాలిపోయినను, ఓర్పు అను పునాది చెక్కుచెదరలేదు.