హజ్రత్ జుబైర్ (రజి) – అమానతును అప్పుగా స్వీకరించిన మహనీయులు

దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి సహచరులలో హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) పేరు ఎరుగని ముస్లిం కుటుంబం అరుదు. బతికుండగానే స్వర్గ శుభవార్త అందుకున్న పదిమందిలో ఆయన ఒకరు. యుద్ధవీరునిగా ఆయనను మనమందరం ఎరుగుదుము. కాని పరుల సొమ్మును చేతపట్టిన మనిషిగా ఆయన ఎలా నడుచుకున్నారో మనలో కొద్దిమందికే తెలుసు. వడ్డీలేని బ్యాంకుల గురించి, బైతుల్‌మాల్‌ల గురించి ఎక్కడ మాట వచ్చినా ఒక ప్రశ్న ఎదురవుతుంది: సొమ్ము పోతే ఆ నష్టం ఎవరిది? ఈ ప్రశ్నను ఆయన 1,300 ఏళ్లకు పూర్వమే తన వ్యవహారంలో తేల్చుకున్నారు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని ఈ కోణం నుండి స్మరించుకుందాము.

ఆయన ప్రవక్త (స) వారికి మేనత్త సఫియ్యా (రజి) కుమారుడు. హజ్రత్ ఖదీజా (రజి) ఆయనకు మేనత్త. చిన్న వయసులోనే ఇస్లాం స్వీకరించారు. మక్కాలో బాధలు పడలేక అబిసీనియాకు వలస వెళ్లిన వారిలో ఉన్నారు. తరువాత మదీనా చేరి బద్ర్ మొదలుకొని ప్రవక్త (స) వారి వెంట యుద్ధాలలో పాల్గొన్నారు. కందక యుద్ధ సమయంలో శత్రువుల ఆచూకీ తెచ్చేందుకు ముందుకు వచ్చి, తన హవారీ, అనగా ఆంతరంగిక సహాయకుడు, అని ప్రవక్త (స) వారి చేత అనిపించుకున్నారు. 641లో ఈజిప్టులోని బాబిలోన్ కోట పట్టుబడినప్పుడూ ఆయన ముందు వరుసలోనే ఉన్నారు.

ఇంటి సంగతి చూస్తే మొదట్లో కటిక పేదరికమే. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె అస్మా (రజి) ఆయనను పెండ్లాడి కాపురానికి వచ్చిననాడు ఒక గుర్రము, నీళ్లు మోసే ఒంటె ఒకటి తప్ప వేరే ఆస్తి లేదు. ప్రవక్త (స) వారు ఇచ్చిన నేల నుండి ఖర్జూరపు గింజలు తలకెత్తుకొని ఆ తల్లి సుమారు రెండు మైళ్లు నడిచి వచ్చేవారు. అటువంటి ఇల్లు తరువాత భాగ్యవంతమైంది. అయితే ఆయన ఏనాడూ గవర్నరు పదవి గాని, శిస్తు వసూలు ఉద్యోగం గాని చేయలేదు. సర్కారు సొమ్ము చేతికి రాలేదు.

ఆయన నిజాయితీ చూసి జనం తమ డబ్బు దాచమని తెచ్చేవారు. ఇక్కడే అసలు విషయమున్నది. అమానతుగా తీసుకోవటానికి ఆయన ఒప్పుకునేవారు కాదు. అప్పుగా అయితేనే తీసుకునేవారు. కారణం, ఆ సొమ్ము పోతుందేమోనన్న భయం.

ఈ రెండు మాటలకు ఎంత తేడా ఉన్నదో గమనించండి. అమానతు సొమ్మును దాచేవాడు వాడుకోరాదు. అతని అజాగ్రత్త లేకుండా దొంగలు పట్టుకుపోయినా, అగ్నికి ఆహుతైనా అతడు తిరిగి ఇవ్వనక్కరలేదు. నష్టమంతా దాచుకున్నవానిదే. అదే అప్పయితే, ఏమి జరిగినా తీసుకున్నవాడు పైసాతో సహా తీర్చాలి. వాడుకునే హక్కూ అతనికి ఉంటుంది. ఇచ్చినవానికి ఒక్క దిర్హము కూడా ఎక్కువ రాదు గనుక వడ్డీ ప్రసక్తి లేదు. ఆ విధంగా ఆయన సొమ్ము పోయే భయాన్ని జనం నెత్తి మీద నుండి తీసి తన నెత్తిన పెట్టుకున్నారు.

కాని ఈ పద్ధతిలోనూ ఒక చిక్కున్నది. అప్పు ఇచ్చినవారు ఎప్పుడైనా అడగవచ్చు. ఆయన సంపద మాత్రం నేల మీదా, ఇళ్ల మీదా ఉన్నది. మదీనాలో 11 ఇళ్లు, బస్రాలో 2, కూఫాలో 1, ఈజిప్టులో 1, ఇవిగాక గాబా అనే భూమి. 656లో బస్రా సమీపాన జమల్ యుద్ధం నాడు తన మరణం దగ్గరపడిందని ఆయనకు తోచింది. కుమారుడు అబ్దుల్లా (రజి)ని పిలిచి, అన్నిటికన్నా తనకు అప్పుల దిగులే ఎక్కువగా ఉన్నదని చెప్పారు. ఆస్తి అమ్మి అప్పులు తీర్చమన్నారు. శక్తి చాలనప్పుడు తన యజమానిని సాయం కోరమన్నారు. ఆ యజమాని ఎవరని కొడుకు అడిగితే అల్లాహ్ అని జవాబు. యుద్ధభూమి విడిచి వెళుతుండగా వాదీ అస్సిబాలో ఆయన హత్యకు గురయ్యారు. ఇరాక్‌లోని జుబైర్ పట్టణం నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది.

తరువాత జరిగినది సహీహ్ బుఖారీలో వివరంగా ఉన్నది. ఇంట్లో ఒక్క నాణెం లేదు. లెక్క చూస్తే అప్పులు 22 లక్షలు! హకీమ్ బిన్ హిజామ్ (రజి) వంటి పెద్దలు కూడా ఇది తీరే అప్పు కాదనుకున్నారు. అబ్దుల్లా (రజి) అధైర్యపడలేదు. తండ్రి 1,70,000కు కొన్న గాబా భూమిని 16 వాటాలుగా విభజించి 16 లక్షలకు విక్రయించారు. 4 లక్షలు రావలసిన అబ్దుల్లా బిన్ జఅఫర్ (రజి) బాకీ మాఫీ చేస్తానన్నా ఒప్పుకోక, దానికి సరిపడా భూమి ఇచ్చారు.

అప్పులు తీరినవి. అన్నదమ్ములు ఇక వారసత్వం పంచమన్నారు. ఆయన పంచలేదు. బాకీ ఉన్నవారు వచ్చి తీసుకోవలసిందని నాలుగేళ్ల పాటు ప్రతి హజ్జ్ కాలంలో చాటింపు వేయించి, ఆ తరువాతే పంచారు. అప్పటికి నలుగురు భార్యలకు ఒక్కొక్కరికి 12 లక్షల చొప్పున వాటా వచ్చింది.

నేటి ఇస్లామీయ బ్యాంకులలో కరెంటు ఖాతాలు అనేక చోట్ల ఈ అప్పు పద్ధతి మీదనే నడుస్తున్నవి. ముజారబా ఖాతాల సంగతి వేరు. అందులో లాభం ఒప్పందం ప్రకారం పంచుకుంటారు. నిర్వాహకుని తప్పు లేకుండా వచ్చిన నష్టం పెట్టుబడిదారునిదే. కౌలాలంపూర్‌లోని ఇస్లామీయ ఆర్థిక సేవల బోర్డు 2005లో ఇటువంటి సంస్థల కోసం రిస్కు సూత్రాలను ప్రకటించింది. అందులో అప్పు రాకపోవటం, చేతిలో నగదు లేకపోవటం, నిర్వహణలో పొరపాట్లు అన్నీ ఉన్నవి. వీటిలో కొన్నిటిని జుబైర్ (రజి) గారి ఇంటి కథలో మనం ముందే చూశాము.

మన సంఘాల సొమ్ము సంగతీ ఇంతే. ఒక వితంతువు కూతురి పెండ్లికి కూడబెట్టిన డబ్బు మన పెట్టెలో ఉండవచ్చు. అది అమానతా, అప్పా, వ్యాపారంలో వాటానా అన్నది తీసుకున్ననాడే కాగితం మీద రాయాలి. అప్పులు రాసుకోవాలన్నది బఖరా సూరా 282వ ఆయతు ఆదేశం కూడాను. సొమ్మంతా కదలని ఆస్తిలో పెట్టక కొంత నగదు ఉంచాలి. మన తరువాత లెక్క అప్పగించే మనిషి ఎవరో నేడే తేల్చాలి. మంచితనం ఒక్కటే చాలదు. జుబైర్ (రజి) అంతటి మంచివారికే అప్పుల దిగులు పట్టుకున్నదంటే, మనబోటివారు ఎంత జాగ్రత్తగా ఉండాలి!

పరుల సొమ్ము పట్ల ఆ భయభక్తులను అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.