శివగంగ కోనేటి చెంత స్వార్ట్జ్ పాదిరి

తంజావూరు బృహదీశ్వరాలయానికి వెళ్లే మనవారిలో చాలామంది దర్శనం కాగానే తిరుగు బస్సు పట్టుకుంటారు. ఆలయం పక్కనే, శివగంగ కోనేటి సమీపంలో 1779 నాటి చిన్న చర్చి ఒకటున్నది. లోపల గోడకు అమర్చిన పాలరాతి శిల్పంలో మరణశయ్యపై ఉన్న వృద్ధ పాదిరి చేతిని ఒక యువరాజు పట్టుకొని నిలిచి ఉంటాడు. ఆ యువరాజు మరాఠా ప్రభువు రెండవ శరభోజి. వృద్ధుడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ స్వార్ట్జ్.

నేడు పోలండులో ఉన్న సోన్నెన్‌బర్గ్ పట్టణంలో, నాటి ప్రష్యా పాలనలో, 1726లో ఆయన జన్మించారు. హాలే నగరంలో చదువుకుంటూ బెంజమిన్ షుల్జ్ వద్ద తమిళం నేర్చుకున్నారు. ఈ షుల్జ్ తెలుగువారు మరువరాని వ్యక్తి. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు వెలువడినది ఆయన చేతుల మీదుగా, ఆ హాలే నగరంలోనే.

1750లో స్వార్ట్జ్ డేనిష్‌వారి తరంగంబాడి రేవులో దిగారు. మరల స్వదేశం చూడలేదు, వివాహమూ చేసుకోలేదు. తిరుచిరాపల్లి కొండకోట నీడలో 1766లో ఒక చర్చి కట్టించారు. 1778లో తంజావూరుకు నివాసం మార్చారు. తమిళంతోపాటు పారశీ, మరాఠీ, హిందుస్తానీ నేర్చినందువలన దర్బారులో దుభాషీ అవసరం ఆయనకు లేకపోయింది.

1779లో మద్రాసు గవర్నరు ఆయనను శ్రీరంగపట్టణానికి, హైదరాలీ వద్దకు, రాయబారిగా పంపాడు. హైదరు ఆదరంగా మాట్లాడాడు. దారిఖర్చుకని అతడిచ్చిన సొమ్మును స్వార్ట్జ్ కంపెనీకి అప్పగించి, అనాథల బడికి వినియోగించమని కోరారు. రాయబారం మాత్రం ఫలించలేదు. ఒకవైపు శాంతి మాటలు పంపుతూనే కంపెనీవారు మాహే పట్టుకున్నారు, గుంటూరు సర్కారుపై చేయి వేశారు. ఇక పాదిరి మాటకు విలువ ఎట్లా ఉంటుంది? 1780లో హైదరు సేనలు కర్ణాటకంపై పడ్డాయి.

అప్పటి కరవులో తంజావూరు కోటలో ధాన్యం నిండుకున్నది. పల్లెల్లో వడ్లున్నా, వెల చెల్లిస్తామన్న ప్రభుత్వపు మాట నమ్మి ఎడ్లను తోలేవారు లేరు. స్వార్ట్జ్ తాను పూచీ ఉంటానని చెప్పగా బండ్లు కదిలాయి. దాదాపు 80,000 కలముల ధాన్యం కోటలోకి చేరింది. తరువాత సర్కారు ఉద్యోగుల పీడనకు ఊళ్లు విడిచిన రైతులను తిరిగి రప్పించినదీ ఆయన హామీయే.

అయితే ఆయన జీవితంలో ఒక పొరపాటు ఉన్నది. 1787లో మరణశయ్యపై ఉన్న తుళజాజీ రాజు తన దత్తపుత్రుడు శరభోజిని ఆయన సంరక్షణలో ఉంచదలచాడు. బాలుని భారం పాదిరి వహించడం రాజ్యంలో కలతలకు దారితీయవచ్చునని స్వార్ట్జ్ సందేహించి, రాజు సోదరుడు అమరసింహుని పేరు సూచించారు. పండితుల అభిప్రాయం పేరిట కంపెనీ దత్తత చెల్లదని తేల్చి, అమరసింహునే గద్దెనెక్కించింది. పిల్లవాడు చదువు లేక నిర్బంధంలో మగ్గాడు. ఆ తప్పును దిద్దడమే స్వార్ట్జ్ చివరి పదేండ్ల పని అయినది. కంపెనీకి విన్నపాలు వ్రాశారు, చదువు ఏర్పాటు చేశారు, 1793లో శరభోజిని క్షేమంగా మద్రాసు చేర్చారు. దత్తత విషయమై పండితులను మళ్లీ విచారించేందుకు ఆయన పట్టుదలే కారణం.

ఫలితం చూడకుండానే 1798 ఫిబ్రవరి 13న ఆయన కన్నుమూశారు. శరభోజి వచ్చి భౌతికకాయం ముందు విలపించి, సమాధి వరకు నడిచాడు. ఆ ఏడే అతనికి పట్టాభిషేకం జరిగింది. కాని 1799 ఒడంబడికతో కోట, పరిసరాలు మినహా పరిపాలన కంపెనీ వశమైంది. పాదిరి న్యాయమే కోరారు, లాభం మాత్రం వేరొకరికి చేరింది.

శరభోజి మతం మార్చుకోలేదు. గురువు స్మారకంగా లండన్ శిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్ చేత ఆ పాలరాతి శిల్పం చెక్కించిన ప్రభువే, 1803లో తన భోసల వంశ చరిత్రను బృహదీశ్వరాలయ గోడలపై మరాఠీలో లిఖింపజేశాడు. స్వార్ట్జ్ సమాధి చర్చిలో కాక, కోట వెలుపలి సెయింట్ పీటర్స్ ఆలయంలో ఉన్నది. దానిపై శరభోజి స్వయంగా రచించిన ఆంగ్ల పద్యం చెక్కి ఉంటుంది. కోనేటి నుండి అక్కడికి దూరమేమీ కాదు.